కరోనా వేళ బల్దియాను (మున్సిపాలిటీని) ఎలా అడగాలి?

(ఈ ప్రశ్న, జవాబు 2022 జనవరి నాటివి. ఇందులోని నిబంధనలు, ఏర్పాట్లు అప్పటివి.)

ప్రశ్న: నమస్తే సార్. ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ మాది. మా కాలనీలో నూటయాభై ఇళ్లు ఉంటాయి. నిరుడు మే నెలలో మా మామ కరోనాతో ఇంట్లోనే చనిపోయారు. అర్బన్ హెల్త్ సెంటర్‌లో టెస్టు చేయించాక పదమూడో రోజు. ఆ రోజుల్లో చెత్త బండి మా ఇంటి ముందు ఆగేది కాదు. మోరీ నిండి వాకిట్లోకి వచ్చింది. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే దవాఖాన వాళ్లను అడగమన్నారు. వాళ్లు ఆశా అక్కను అడగమన్నారు. ఆమె కౌన్సిలర్‌కు చెప్పమంది. కౌన్సిలర్ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు మళ్లీ జ్వరాలు. మా గల్లీలోనే నాలుగిళ్లలో పాజిటివ్. మోరీ మళ్లీ అట్లనే ఉంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో రోజూ తిట్టుకుంటున్నాం. ఈసారి కాగితం రాసి ఇద్దామంటే ‘రాస్తే మాత్రం ఏం లాభం’ అంటున్నారు. మా ఆయన ‘నీకెందుకీ లొల్లి’ అంటున్నారు. మామ డెత్ సర్టిఫికెట్‌లో కరోనా అని లేదు కాబట్టి కరోనాతో పోయినవారి ఇంటికి సర్కారు ఇచ్చే 50 వేలు రావని ఎవరో చెబితే మా అత్తమ్మ ఊరుకున్నారు. ఎవరిని అడగాలో, ఎట్లా అడగాలో చెప్పండి. నా పేరు, ఊరి పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో, అయిపోయిన ముచ్చటలాగా రాసిన విషయం దగ్గరే మొదలుపెడతాను. మీ అత్తమ్మ ఊరుకోవాల్సిన పని లేదు. సర్టిఫికెట్‌లో కరోనా అని లేదన్నది నిజమే. కానీ అది మీ ఒక్కరి సర్టిఫికెట్‌లో జరిగిన పొరపాటు కాదు. మున్సిపాలిటీ మనకు ఇచ్చే మరణ ధ్రువపత్రంలో చావుకు కారణం రాసే గడే ఉండదు. ఆ వివరం బయటికి ఇచ్చే ప్రతిలో కనిపించకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టమే చెబుతుంది. గుండెపోటుతో పోయినవారి పత్రంలోనూ ఉండదు, రోడ్డు మీద పోయినవారి పత్రంలోనూ ఉండదు. ఇది తెలియక ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు మీ అత్తమ్మలాగే ఊరుకుండిపోయారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పాజిటివ్ అని తేలిన 30 రోజుల్లోపు మనిషి పోతే, ఇంట్లో పోయినా సరే, దాన్ని కరోనా మరణంగానే చూడాలి. సర్టిఫికెట్‌లో కారణం రాసి లేదన్న సాకుతో ఆ 50 వేలు ఆపకూడదని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 4న స్పష్టంగా చెప్పింది. మీ మామ పోయింది పదమూడో రోజు. అత్తమ్మను వెంటబెట్టుకుని మీసేవకు వెళ్లి ఆమె పేరు మీదే దరఖాస్తు పెట్టండి. టెస్టు రిపోర్టు, డెత్ సర్టిఫికెట్, ఆమె ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పట్టుకెళ్లండి. రిపోర్టు కాగితం పోయి ఉంటే ఫోన్‌లో వచ్చిన మెసేజ్ వెతకండి. అదీ లేకపోతే టెస్టు చేసిన సెంటర్‌కు వెళ్లి తేదీ చెప్పి ప్రతి అడగండి. ర్యాపిడ్ టెస్టు అయినా చెల్లుతుంది. దరఖాస్తు జిల్లా కమిటీ ముందుకు పోతుంది. మీసేవ రశీదును ఆధార్ కార్డుతో పాటు ఒకే కవర్లో పెట్టుకోండి, రేపు అడగాల్సి వస్తే ఆ నంబరే ఆధారం.

ఇక మిమ్మల్ని నలుగురు నాలుగు దిక్కులకు తిప్పిన సంగతి. మీ కోపం న్యాయమైనదే. అయితే ఆ తిప్పడం ఎందుకు జరిగిందో తెలిస్తే ఈసారి తిరగకుండా ఉండొచ్చు.

మామూలు రోజుల్లో బల్దియా అంటే మనకు నల్లా, మోరీ, చెత్త, వీధి దీపం, ఇంటి పన్ను. కరోనా వచ్చేసరికి ఒక్కో గల్లీలోకి నాలుగు శాఖలు వచ్చి నిలబడ్డాయి. టెస్టులు, మందుల కిట్లు, ఏఎన్‌ఎంలు, ఆశాలు వైద్య ఆరోగ్య శాఖ కింద ఉంటారు, వాళ్ల మీద పెద్ద డీఎంహెచ్‌వో, అంటే జిల్లా వైద్య ఆరోగ్య అధికారి. చెత్త, మోరీలు, శ్మశానాలు, మార్కెట్ల శుభ్రత, మరణాల నమోదు మున్సిపల్ కమిషనర్ చేతిలోవి. బారికేడ్లు, లాక్‌డౌన్ టైమింగులు పోలీసులవి. బియ్యం, సాయం డబ్బులు రెవెన్యూ, పౌర సరఫరాల వాళ్లవి. ఈ నాలుగింటినీ ఒక తాటి మీద నడపాల్సింది కలెక్టర్. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకు ఆయనే అధ్యక్షుడు. మీరు ఫోన్ చేసి ‘మా ఇంట్లో కరోనా ఉంది, ఎవరూ రావట్లేదు’ అన్నప్పుడు, ఫోన్ ఎత్తిన మనిషికి అందులో కరోనా అన్న మాట వినిపించింది. అది దవాఖాన వాళ్ల పని అనుకుని అటు పంపాడు. మోరీ, చెత్త అన్న మాటలు వెనకబడిపోయాయి. అవి తనవేనని ఆయన గుర్తించి ఉండాల్సింది, అందులో సందేహం లేదు. కానీ అంతకు ముందు ఏడాది అలాంటి ఫోన్ దగ్గర కూర్చున్న మనుషుల్లో నేనూ ఒకణ్ని కాబట్టి లోపల ఏం జరిగిందో మీకు చెప్పగలను.

నేను గుమస్తాగా చేరి, 33 ఏళ్లు మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేసి, 2020 ఆగస్టులో రిటైరయ్యాను. అంటే మొదటి విడత కరోనాను లోపలి నుంచి చూశాను, రెండో విడతను మీలాగా ఇంటి గడపలో నిలబడి చూశాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే మా ఆఫీసులో ఒక పొడుగు రిజిస్టర్ తెరిచి ల్యాండ్‌లైన్ పక్కన పెట్టారు. స్కేలుతో గీతలు గీసింది నేనే. టైము, పేరు, గల్లీ, సమస్య, ఏం చేశాం. మొత్తం అయిదు గడులు. మూడు రోజుల్లో పదిహేను పేజీలు నిండాయి. నాలుగు గడులూ నిండేవి, అయిదోది తెల్లగా ఉండేది.

ఒక సాయంత్రం శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. పొద్దున నాలుగున్నరకు రోడ్డెక్కిన మనిషి. నేను రిజిస్టర్ ముందు పెట్టుకుని ఒక్కో లైనూ చదివాను. ‘ఫలానా గల్లీ, మోరీ.’ ‘తీయించిన సార్, నిన్ననే.’ ‘ఫలానా గల్లీ, చచ్చిన కుక్క.’ ‘ఎత్తిపిచ్చిన.’ ‘ఫలానా వాడకట్టు, లైట్లు.’ ‘అది నాది కాదు సార్, కరెంటు సెక్షన్‌ది.’ అలా చదువుతూ పోతే దగ్గర దగ్గర సగం పనులు అయిపోయి ఉన్నాయి! అయినట్టు మాకే తెలియదు, అడిగినవాళ్లకు ఎక్కడ తెలుస్తుంది? అందరూ తలుపులు వేసుకుని లోపల ఉన్నారు. వెనక సందులో మోరీ తీసిన సంగతి ముందు గదిలో ఉన్నవాళ్లకు తెలియదు. వాళ్లు మళ్లీ ఫోన్ చేసి మమ్మల్ని తిడుతున్నారు. మేము ‘చూస్తాం’ అంటున్నాం.

ఆ రోజు నుంచి నేను, మా అటెండరు సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా తిరిగి ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. అయితే అయిందని, కాకపోతే ఎప్పుడవుతుందో, మాది కాకపోతే ఎవరిదో చెప్పేవాళ్లం. వారం తిరిగేసరికి వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి. పనులేమీ రెట్టింపు కాలేదమ్మా. అదే కార్మికులు, అదే ట్రాక్టర్లు. ఒక పెద్దాయనకు ‘మీ గల్లీకి మూడు రోజులు ఆగాలి బాబాయ్, మనిషి లేడు’ అని చెబితే, ‘గట్లనే గానీ బిడ్డా, చెప్పినవు, సాలు’ అన్నాడు. మూడు రోజులు మోరీ కంపు భరించడానికి ఆయన సిద్ధపడ్డాడు. జవాబు లేకపోవడమే ఆయన భరించలేకపోయింది. 2021లో మీ ఇంటికి జరిగిన అన్యాయంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది కూడా అదే. మనిషి పోయే ఇంట్లో నుంచి నాలుగుసార్లు ఫోన్ వస్తే, తిరిగి ఒక్కరూ చేయలేదు.

రెండో విడత ఎందుకు అంత ఘోరంగా నడిచింది? 2020లో ఒక్క కేసు వస్తే గల్లీ మొత్తానికి కట్టెలు కట్టి, పాలు, కూరగాయలు ఇంటికి పంపేవాళ్లు. సూర్యాపేట కూరగాయల మార్కెట్ దగ్గర ఏప్రిల్‌లో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, డీజీపీ స్వయంగా ఆ ఊరికి వచ్చారు. కేసులు తక్కువ, చూసే కళ్లు ఎక్కువ. 2021 వేసవి నాటికి ప్రతి గల్లీలో నాలుగైదు ఇళ్లు హోం ఐసోలేషన్. కట్టెలు లేవు, బోర్డులు లేవు, ఏ ఇంట్లో ఎవరున్నారో చెత్త బండి నడిపే మనిషికి తెలిసే దారి లేదు. పైగా ఏప్రిల్ 30న మన దిక్కు అచ్చంపేట, జడ్చర్ల, నకిరేకల్ మున్సిపాలిటీలకు ఎన్నికలు జరిగాయి. మే 12న లాక్‌డౌన్ వచ్చింది, ఉదయం 6 నుంచి 10 దాకానే సడలింపు. ఓట్ల కోసం ప్రతి గడపా తొక్కగలిగిన వ్యవస్థకు, రెండు వారాల తర్వాత అవే గడపల్లో ఎవరికి ఏం కావాలో కనుక్కునే శక్తి లేదంటే నేను ఒప్పుకోను. చేతగాక కాదు, ఎవరూ పూనుకోక జరిగింది.

చెత్త సంగతి చెబుతాను, నేనూ పడ్డాను కాబట్టి. మా ఎదురింట్లో భార్యాభర్తలిద్దరికీ పాజిటివ్. బండి పాట పాడుకుంటూ వచ్చి వాళ్ల గేటు దాటి పోయేది. మూడో రోజు నేను మాస్కు పెట్టుకుని బండికి అడ్డం నిలబడి గట్టిగా అరిచాను. డ్రైవరు దిగాడు. చేతులకు గ్లౌజులు ఉన్నాయి గానీ రెండు వేళ్ల దగ్గర చిరిగి ఉన్నాయి. ‘సార్, ఇంట్ల పది నెలల పాప ఉంది. ఎట్ల ముట్టాలె చెప్పుండ్రి’ అన్నాడు. నేను అంతసేపూ అరిచింది తప్పుడు మనిషి మీదని అప్పుడు తెలిసింది. పేషెంటు వాడిన మాస్కులు, టిష్యూలు పసుపు కవర్లో కట్టి వేరుగా ఇవ్వాలని, వాటిని తీసుకునే ఏర్పాటు పట్టణ పాలక సంస్థలే చేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. మా గల్లీలో ఎవరికీ ఆ పసుపు కవరు చేరలేదు, ఆ డ్రైవరుకు మంచి గ్లౌజులూ చేరలేదు. సఫాయి కార్మికులకు మొదటి లాక్‌డౌన్‌లో ప్రభుత్వం ప్రోత్సాహకంగా 5,000 రూపాయలు ప్రకటించింది, మంచిదే. కానీ చేతికి గట్టి గ్లౌజు ఉందా లేదా అని రోజూ చూసే మనిషి కావాలి. అందుకే మీరు రాయబోయే కాగితంలో మీ చెత్త గురించి అడుగుతూనే, దాన్ని ఎత్తే మనిషికి గ్లౌజులు, మాస్కులు ఇవ్వాలని కూడా అడగండి. అది దయ కొద్దీ అడిగేది కాదమ్మా. ఆయనకు భయం పోతే తప్ప మీ గేటు ముందు బండి ఆగదు.

కాగితం ఎలా రాయాలో ఇప్పుడు చూద్దాం. ‘కరోనా సమయంలో మా కాలనీని పూర్తిగా నిర్లక్ష్యం చేస్తున్నారు, తగు చర్యలు తీసుకోగలరు’ అని మాత్రం రాయకండి. 33 ఏళ్లలో ఆ వాక్యం ఉన్న కాగితాలు కొన్ని వేలు చూశాను. అందులో చేయాల్సిన పని ఏమిటో ఉండదు కాబట్టి ఏ సెక్షన్‌కు పంపాలో తేలదు. ఒక కాగితంలో ఒకే సమస్య రాయండి. మోరీ గురించి ఇలా రాయొచ్చు: ‘మా గల్లీలో కిరాణా కొట్టు మూల నుంచి పెద్ద మోరీ కలిసే దాకా సైడు మోరీ సంక్రాంతికి ముందు నుంచి తీయలేదు. మురికి నీళ్లు రెండు ఇళ్ల వాకిళ్లలోకి వస్తున్నాయి. ఈ గల్లీలో నాలుగు ఇళ్లలో పాజిటివ్ వచ్చినవారు ఉన్నారు, వాళ్లు ఇల్లు కదల్లేరు. ఏ రోజున తీయిస్తారో తేదీ తెలుపగలరు.’ అంతే. చివరి వాక్యం వదలొద్దు. చర్య తీసుకోమంటే తీసుకుంటామంటారు. తేదీ అడిగితే ఎవరో ఒకరు ఇన్‌స్పెక్టర్‌ను పిలిచి అడగక తప్పదు.

పాజిటివ్ వచ్చినవాళ్ల పేర్లు కాగితంలో రాయకండి, గ్రూపులోనూ పెట్టకండి. గల్లీ పేరు చాలు. మీ మామ పోయినప్పుడు ఎంతమంది ముఖం చాటేశారో మీరు రాయలేదు గానీ నాకు తెలుసు, ఆ రోజుల్లో ప్రతి ఊళ్లో అదే జరిగింది.

ఇంకొక మాట. చాలామంది అర్జీల్లో ముందుగా అడిగేది వీధుల్లో క్రిములు చంపే మందు స్ప్రే. మా రిజిస్టర్‌లో కూడా అన్నింటికంటే ఎక్కువసార్లు రాసిన మాట అదే. హైపోక్లోరైట్ ట్యాంకరు తిరిగితే చూసేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఆరుబయట రోడ్ల మీద మందు చల్లడం వల్ల ఉపయోగం లేదని, అలా చల్లడాన్ని సిఫారసు చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. స్ప్రే చేసే ఆ ఇద్దరు మనుషులు ఆ పూట మోరీ తీస్తే మీకు మేలు. మోరీ వల్ల కరోనా రాదు, నిజమే. దోమలు వస్తాయి, డెంగీ వస్తుంది, అప్పుడు ఏ జ్వరం ఏదో తెలియక ఇంటిల్లిపాదికీ టెన్షన్.

కాగితం రెండు ప్రతులు తీసుకుని పొద్దున పదకొండు లోపు ఆఫీసుకు వెళ్లండి. కౌన్సిలర్ చేతికో, బయట నిలబడ్డ జవాన్ చేతికో ఇచ్చి రావొద్దు. వచ్చిన కాగితాలను నమోదు చేసుకునే ఇన్‌వార్డు సెక్షన్ ఎక్కడో అడిగి అక్కడ ఇవ్వండి. రెండో ప్రతి మీద స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. ఇన్‌వార్డు నంబరు పడ్డ కాగితం ఏదో ఒక టేబుల్ మీద ఉండి తీరాలి, ఎవరి దగ్గర ఆగిందో ఎప్పుడైనా తేల్చొచ్చు. ఫోన్‌లో చెప్పిన మాటకు అలాంటి ఆనవాలు ఉండదు. తీసుకోబోమంటే గొడవ పడకుండా వచ్చేసి స్పీడ్ పోస్టులో పంపండి, చేరినట్టు రుజువు తీసుకోవడం మరవొద్దు. వారం, పది రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇవ్వండి. కేసుల వల్ల ప్రజావాణి రద్దు చేస్తే కలెక్టరేట్ ఇన్‌వార్డులోనే ఇవ్వొచ్చు. మున్సిపాలిటీకి ఇచ్చిన కాగితం జిరాక్సు వెనక కుట్టండి, కలెక్టర్ ఆఫీసు వాళ్లు మొదట చూసేది దాన్నే.

అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ‘ఫలానా తేదీన ఇచ్చిన, ఫలానా ఇన్‌వార్డు నంబరు గల అర్జీపై తీసుకున్న చర్య ఏమిటి, ప్రస్తుతం ఎవరి వద్ద ఉంది’ అని రెండే ప్రశ్నలు వేయండి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది. మోరీకి అది వర్తించదు. ఐసోలేషన్‌లో ఉన్న మనిషికి ఆక్సిజన్ బెడ్డు ఎక్కడుందో చెప్పనప్పుడు అడగడానికి పనికొస్తుంది, కానీ అలాంటప్పుడు కాగితం మీద ఆధారపడి కూర్చోవద్దు, ముందు 108కి ఫోన్ చేయండి. కరోనా సలహాలకు 104 ఉంది.

‘రాస్తే ఏం లాభం’ అనే మీ కాలనీ వాళ్లకు ఒక సంగతి చెప్పండి. 2020 ఫిబ్రవరి 24న పట్టణాల బాగు కోసం సర్కారు పెట్టిన పట్టణ ప్రగతి కార్యక్రమం మన మహబూబ్‌నగర్‌లోనే మొదలైంది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, వయసు మళ్లినవారిది ఒకటి, ఊరి పెద్దలది ఒకటి. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే మీ వార్డులో కాగితం మీద 60 మంది ఉన్నారు, పారిశుధ్యం సంగతి కౌన్సిలర్‌తో పాటు వాళ్లూ చూడాలి. ఆ నెల తిరిగేసరికి లాక్‌డౌన్ వచ్చి పడింది, చాలా చోట్ల ఆ పేర్లు రిజిస్టర్లలోనే ఉండిపోయాయి. ఆఫీసులో మీ వార్డు కమిటీల జాబితా అడగండి. నా అంచనా ఏమిటంటే, అందులో మీకు తెలిసిన పేర్లు కనీసం నాలుగైదు ఉంటాయి, మీ గల్లీలోనే ఒకరు ఉన్నా ఆశ్చర్యం లేదు. తాము సభ్యులమని వాళ్లకే గుర్తుండకపోవచ్చు. మహిళా కమిటీలో ఒక్కరిని పట్టుకుని మీ కాగితం మీద సంతకం పెట్టించండి. చట్టం పేరు చెప్పి అడిగే హక్కున్న మనిషి సంతకం అది.

నల్లగొండ దిక్కు మనవాళ్లు ఫ్లోరైడ్ లేని తాగునీళ్ల కోసం దశాబ్దాల తరబడి అడిగారు. అడిగిన ప్రతిసారీ పని కాలేదు. అడగడం మానేసి ఉంటే కృష్ణా నీళ్లు ఆ ఊళ్లకు నడిచి వచ్చేవి కావు.

అడిగేవన్నీ ఇవ్వాలని కూడా నేను అనను, మీ గ్రూపులో ఈ మాట ఒకసారి మాట్లాడుకోండి. 2020 మేలో ముంబై, పుణె నుంచి మన పాలమూరు కూలీలు వచ్చినప్పుడు మా రిజిస్టర్‌లో ఒకే రోజు తొమ్మిది ఫోన్లు రాసుకున్నాను. ‘మా వాడకట్టుకు బొంబాయి వాళ్లు వచ్చిండ్రు, వాళ్లను ఊరి బయట పెట్టుండ్రి’ అని. వాళ్లు సొంత ఇంటికి వచ్చినవాళ్లు, చేతి మీద క్వారంటైన్ స్టాంపు వేయించుకుని లోపల కూర్చున్నవాళ్లు. ఆ తొమ్మిది మందికీ తిరిగి ఫోన్ చేసి కుదరదని చెప్పాం. ఎందుకు కుదరదో కూడా చెప్పాం. వాళ్లు పద్నాలుగు రోజులు గడప దాటరని, ఆశా కార్యకర్త రోజూ వచ్చి చూస్తుందని, బియ్యం ఇంటికే చేరుస్తామని. ఇద్దరు తిట్టారు, మిగతావాళ్లు సరేనన్నారు. అందులో ఒకామె సాయంత్రానికి ఆ ఇంటి గేటు దగ్గర కూరగాయల సంచి పెట్టి వచ్చానని మళ్లీ ఫోన్ చేసి చెప్పింది. జనం ఆందోళనకు జవాబివ్వడమంటే ఇది కూడా. భయపడి అడిగినదాన్ని కాదనాలి, ఆ భయాన్ని మాత్రం చిన్నచూపు చూడకూడదు.

ఈ నెల (2022 జనవరి) 21 నుంచి, ఇంటింటికీ తిరిగి జ్వరాలు కనుక్కునే ఫీవర్ సర్వే మళ్లీ మొదలైంది. ఏఎన్‌ఎం, ఆశా, మున్సిపల్ మనిషి కలిసి మీ గల్లీకీ వస్తారు. నిరుడు ఇదే సర్వేలో చాలా ఇళ్లు ‘ఎవరికీ ఏం లేదు’ అని పంపేశాయి. వెలేస్తారన్న భయంతో అన్నారు, తప్పు పట్టలేను. కానీ లేదన్న ఇంటికి కిట్టు రాదు, లెక్కలో లేని గల్లీకి మనుషులు రారు. మీ గల్లీలో నాలుగిళ్ల వాళ్లతో ముందే మాట్లాడి, సర్వే వాళ్లు వచ్చినప్పుడు దాచకుండా చెప్పమనండి. వచ్చిన వాళ్లలో మున్సిపాలిటీ తరఫు మనిషి ఎవరో అడిగి, అక్కడికక్కడే మోరీ చూపించండి. ఆయన పేరు, వచ్చిన తేదీ రాసుకోండి. మీ కాగితంలో ‘ఫలానా రోజు మీ సిబ్బంది స్వయంగా చూశారు’ అన్న వాక్యం చేరుతుంది.

మీ ఆయన మాటకు నొచ్చుకోకండి. తండ్రిని ఆ స్థితిలో పోగొట్టుకున్న మనిషి. నాలుగు చోట్లకు ఫోన్లు తిప్పి తిప్పి అలసిపోయింది బహుశా ఆయనే అయ్యుంటారు. మళ్లీ ఆ గడప ఎక్కాలంటే ఆ మే నెలంతా గుర్తొస్తుంది. ఆయన్ను ఆఫీసుకు రమ్మని బలవంతం చేయకుండా, మీసేవ పనికి మాత్రం అత్తమ్మతో పాటు తోడు రమ్మనండి. తండ్రి పేరు కరోనా మృతుల్లో ప్రభుత్వం గుర్తించడం అంటే డబ్బు ఒక్కటే కాదు, అది ఆయనకూ తెలుసు.

మున్సిపాలిటీలో కాగితం ఇచ్చి రాగానే ఇన్‌వార్డు నంబరు ఫొటో తీసి మీ కాలనీ గ్రూపులో పెట్టండి. తిట్టే మెసేజ్‌ల కింద ఆ నంబరు కనబడితే, ఎవరో ఒకరు ‘వదినా, మా గల్లీ లైటు గురించి కూడా రాయాలి, ఎట్లా?’ అని అడుగుతారు. వాళ్లకు మీరే చెప్పండి. ఫిబ్రవరి నెలాఖరుకు మోరీ సంగతి, మీసేవ సంగతి ఏమైందో నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి. జవాబు రాలేదంటే సమాచార హక్కు దరఖాస్తు ఇద్దరం కలిసి రాద్దాం.